జిమ్మీ పేరు మీద రాయి కొనబోయి మోసపోయాం, మీరు జాగ్రత్త

పెంచుకున్న కుక్క పోయిన బాధలో, పాతిపెట్టిన చోట వేయడానికి దాని బొమ్మతో ఫోటో రాయి ఆర్డర్ పెట్టేవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి.

మాది కోనసీమలో లంక ఊరు. మా జిమ్మీ పన్నెండేళ్లు ఉండి, మొన్న సంక్రాంతి వెళ్లాక చనిపోయాడు. 2022 జూలై వరదకి ఇల్లు వదిలినప్పుడు పడవలోకి అందరికంటే ముందు దూకింది వాడే. గట్టు మీద మాత్రం నాన్న దిగేదాకా అక్కడి నుంచి కదల్లేదు. తోటలో, మధ్యాహ్నం పూట వాడు పడుకునే కొబ్బరిచెట్టు కిందే పాతిపెట్టాం. "మళ్లీ వరదొస్తే ఆనవాలు కూడా ఉండదురా, ఓ రాయి వేయించు" అన్నారు నాన్న.

ఫోన్‌లో ప్రకటన కనబడింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అట, లేజర్‌తో బొమ్మ చెక్కుతారట. 4,200 రూపాయలు, మొత్తం ముందే కట్టాలన్నారు. కట్టేశాను. బొమ్మ ముందుగా చూపించమని అడగాలని కూడా తోచలేదు.

పద్దెనిమిది రోజులకి పార్సిల్ వచ్చింది. పేరు జిమ్మీదే, బొమ్మ వాడిది కాదు. చిన్నప్పుడు ముంగిసతో పెట్టుకుని వాడి ఎడమ చెవి చిరిగింది, అప్పటినుంచీ సగానికి మడతపడే ఉండేది. ఇందులో కుక్కకి రెండు చెవులూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. అమ్మ ఒళ్లో పెట్టుకుని ఆ చెవి మీద వేలితో రాస్తుంటే, గోరు తగిలి కొస పొరలా లేచొచ్చింది. స్టిక్కర్! తిప్పి చూస్తే వెనకంతా గళ్లు. బాత్రూం గోడకి వేసే టైలు.

రావులపాలెంలో రాళ్లు చెక్కే ఆయనకి చూపిస్తే నవ్వారు. గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలుంటాయట, ఎండలో పెడితే తళుక్కుమంటాయట. ముఖం చెక్కాలంటే చుక్కల్లేని నల్లరాయే నయమన్నారు. అసలు గ్రానైట్ అయితే అంచు చూసినా లోపలిదాకా ఒకే రాయి, చెక్కిన చోట వేలికి గరుకు తగులుతుంది. కాబట్టి అంచూ వెనకవైపూ కనబడేలా వీడియో అడగండి, సగమే అడ్వాన్స్ ఇవ్వండి.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "కస్టమ్ ఆర్డర్ కదండీ, రిటర్న్ ఉండదు. కుక్కే కదా, ఇంచుమించు అలాగే ఉంది" అన్నారు. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ మండింది. చెప్పింది ఒకటి పంపింది ఒకటి అయితే ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్లు "వెనక్కి తీసుకోం" అనడానికి వీల్లేదు, 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. పార్సిల్ విప్పేటప్పుడు మా మేనల్లుడు సరదాకి తీసిన వీడియోనే ఇప్పుడు నా దగ్గరున్న సాక్ష్యం. మీరు తప్పకుండా తీయండి.

కొత్త రాయి రావులపాలెం ఆయనకే ఇచ్చాం. ఒండ్రుమట్టిలో దిగబడిపోతుందని కింద సిమెంటు దిమ్మ కట్టమన్నారు. బొమ్మ గీసి ముందు వాట్సాప్‌లో పంపిస్తానన్నారు. ఎడమ చెవి ఫోటోలు విడిగా నాలుగు పంపాను.