మగ్గాలు, మోటార్లు, పియానోలు: తిరుపతి నుంచి నగోయా, హమామత్సు

జపాన్ అనగానే ట్రావెల్స్ వాళ్లు చేతిలో పెట్టేది టోక్యో, క్యోటో, ఫ్యూజీ కొండ ప్యాకేజీ. యంత్రాల పిచ్చి, సంగీతం పిచ్చి రెండూ ఉన్నవాళ్లకు అందులో దక్కేది తక్కువ. వాళ్లు నగోయాలో దిగి, హమామత్సులో మకాం పెట్టాలి. సుజుకి 1909లో మగ్గాల తయారీతో మొదలైంది ఇక్కడే. యమహా మూలం 1887లో ఒక బడిలో రిపేరు చేసిన రీడ్ ఆర్గన్. కవాయ్ పియానోలూ 1927 నుంచి ఈ ఊరివే.

టికెట్ల కంటే ముందు సెలవు రోజులు చూసుకోండి. నగోయాలోని టొయోటా పరిశ్రమ, సాంకేతికతల మ్యూజియానికి సోమవారం సెలవు, రైల్వే మ్యూజియానికి మంగళవారం. ఆ రోజు ప్రభుత్వ సెలవు పడితే తెరిచి, మర్నాడు మూస్తారు. కంపెనీల మ్యూజియాలు కంపెనీ క్యాలెండర్ ప్రకారం నడుస్తాయి కాబట్టి మే మొదటివారంలో, ఆగస్టు మధ్యలో, కొత్త సంవత్సరం రోజుల్లో వెళ్తే తాళాలే కనిపిస్తాయి. వీసాకు ఎలాగూ ఏ రోజు ఎక్కడ, ఏ రాత్రి ఏ హోటల్ అని పట్టిక ఇవ్వాలి. దాన్ని ఈ సెలవుల చుట్టూ వేసుకుంటే ఒకే పనితో రెండూ తీరతాయి. హోటళ్లు మాత్రం రద్దు చేసుకునే వీలున్నవే పట్టండి.

చెన్నై నుంచి సింగపూర్ లేదా బ్యాంకాక్ మీదుగా నగోయా చేరొచ్చు. రాత్రి విమానమైతే తిరుపతి నుంచి కారులో తిరుత్తణి, తిరువళ్లూరు, పూందమల్లి దారి మేలు. పగటి విమానమైతే రైల్లో చెన్నై సెంట్రల్ దిగి, మెట్రోలో నేరుగా ఎయిర్‌పోర్టుకు పోవచ్చు.

టొయోటా మ్యూజియంలో చాలామంది చేసే పొరపాటు, మగ్గాల హాలును దాటుకుంటూ కార్ల వైపు పరుగెత్తడం. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల చప్పుడు విన్నవాళ్లు అసలు చూడాల్సింది ఆ హాలే. 1924 నాటి జి రకం మగ్గంలో నాడెలోని కండె (అడ్డపోగు నూలు చుట్ట) అయిపోతే, మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి కూర్చుంటుంది. పడుగు (నిలువు) పోగు తెగితే మాత్రం తనంతట తానే ఆగుతుంది. అందుకే ఒక్క మనిషి చాలా మగ్గాలు చూసుకోగలిగాడు. ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ 1929లో దాని హక్కులు కొన్నది. యంత్రాలను సిబ్బంది నడిపి చూపిస్తారు. సగం రోజు మగ్గాలకే ఇవ్వండి.

రైల్వే మ్యూజియానికి నగోయా స్టేషన్ నుంచి అవొనామి లైన్‌లో కింజోఫుతో దాకా 24 నిమిషాలు. 1954లో గంటకు 129 కిలోమీటర్లు అందుకున్న సి62 ఆవిరి ఇంజన్, 1996లో 443 తాకిన ప్రయోగాత్మక షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు), అయస్కాంత బలంతో తేలే మాగ్లెవ్ బోగీ ఒకే హాలులో వరుసగా నిలబడి ఉంటాయి. ఒక పూట చాలు.

నగోయా, హమామత్సుల మధ్య సుమారు 109 కిలోమీటర్లు. షింకన్‌సెన్‌లలో నొజోమి రకం హమామత్సులో ఆగదు. కొడామా ఎక్కాలి, లేదా కొన్ని హికారీలు. తీరిక ఉంటే తొయొహషిలో మారే మామూలు రైలు, ఛార్జీ షింకన్‌సెన్‌లో సగం కంటే తక్కువ. ఏడు రోజుల జేఆర్ పాస్ (పర్యాటకుల రైలు పాస్) 2023 అక్టోబరులో 50,000 యెన్లకు పెరిగింది. ఈ ప్రయాణానికి అది దండగ.

హమామత్సు వాద్య మ్యూజియం 1995లో తెరిచారు, స్టేషన్ నుంచి నడిచే దూరం. అద్దాల వెనక వాద్యాలు చూడటమే కాదు, హెడ్‌ఫోన్లలో వాటి నాదం వినొచ్చు. కొన్నిటిని వాయించి చూసే గది కూడా ఉంది. ఎస్వీ సంగీత కళాశాలలో చదివినవాళ్లయితే ఆసియా వాద్యాల విభాగం వదిలి కదలరు. ఆ కంపెనీల మ్యూజియాలు యమహా ఇన్నోవేషన్ రోడ్, సుజుకి ప్లాజా రెండూ ఉచితమే కానీ ముందుగా బుక్ చేసుకోవాలి. సుజుకి ప్లాజాకు తకత్సుక స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడవాలి. ఆర్ఎక్స్ 100 శబ్దానికి ఇప్పటికీ తల తిప్పేవాళ్లు పక్క ఊరైన ఇవాతాలోని యమహా మోటార్ ప్రదర్శనశాలను చేర్చుకోండి. ఒక్కటి తగ్గించుకోవాలంటే రైల్వే మ్యూజియం తగ్గించండి, వాద్య మ్యూజియం కాదు.

బసను రైల్వే స్టేషన్ పక్కన బిజినెస్ హోటల్లో చూసుకోవాలి. గదులు చిన్నవి, రెండు పెద్ద పెట్టెలు పరిస్తే నడవడానికి చోటుండదు. అద్దె చాలాచోట్ల మనిషి లెక్కన పెరుగుతుంది, కాబట్టి ఇద్దరని బుకింగ్‌లోనే చెప్పండి. షింకన్‌సెన్‌లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెకు ప్రత్యేక సీటు రిజర్వు చేయాలి.

శాకాహారులకు అసలు చిక్కు చారుల్లో. కూరగాయల వంటకమని చెప్పినా, మరిగించిన నీళ్లలో ఎండుచేప రసం ఉంటుంది. అందుకని రైస్ కుక్కర్ మోసుకెళ్దామంటే అక్కడి కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల 700 వాట్ల కుక్కర్ అక్కడ 130 వాట్లే లాగుతుంది, బియ్యం నానుతాయే కానీ ఉడకవు. ఫోన్ ఛార్జర్ మీద 100–240 అని ఉంటే చాలు, రెండు చదును పిన్నుల అడాప్టర్ మాత్రం కావాలి. అటుకులు, పొడులు పెట్టుకోండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు మాత్రం పెట్టెలో వద్దు, ఎయిర్‌పోర్టులో మొక్కల క్వారంటైన్ వాళ్లు తీసి పక్కన పెడతారు.