నాచారంలో రాతి కోర్ల ల్యాబు: నమ్మదగ్గ నివేదిక, యంత్రానికి ఒక పరిమితి

హైదరాబాద్ శివార్లలో నీటి సరఫరా కోసం తవ్వనున్న ఒక సొరంగానికీ, దానిలోకి దించే షాఫ్టుకూ, అంటే నిలువు బావికీ, కావలసిన రాతి పరీక్షలను మా డిజైను బృందం ఇటీవల నాచారం పారిశ్రామికవాడలోని ఒక ప్రైవేటు ల్యాబులో చేయించింది. భూగర్భ పనులు చేసే ఇంజినీర్లకు ఈ ల్యాబును నిస్సంకోచంగా సూచిస్తాను. బలం ఎంతో చెప్పే అంకెతో పాటు అది ఎలా వచ్చిందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా నివేదికలో దాపరికం లేకుండా రాయడమే అందుకు ప్రధాన కారణం.

నమూనాల తయారీలోనే ఆ శ్రద్ధ కనిపిస్తుంది. ఏకాక్ష సంపీడన పరీక్షకు, అంటే రాయిని ఒకే దిశలో నొక్కి ఎంత భారానికి విరుగుతుందో చూసే, మనం వాడుకలో యూసీఎస్ అనే పరీక్షకు, కోరు (డ్రిల్లింగ్‌లో బయటికి తీసిన స్తూపాకార రాతి ముక్క) పొడవు వ్యాసానికి 2.5 నుంచి 3 రెట్లు ఉండాలనీ, రెండు చివరలూ 0.02 మిల్లీమీటర్ల లోపు సమతలంగా ఉండాలనీ అంతర్జాతీయ శిలా యాంత్రికశాస్త్ర సంఘం సూచించింది. చివర కొద్దిపాటి ఎత్తుపల్లం ఉన్నా భారమంతా ఒక్కచోట పడి, రాయి తన అసలు బలం చూపకముందే చీలిపోతుంది. ఇక్కడి టెక్నీషియన్ ప్రతి కోరునూ సర్ఫేస్ ప్లేటు అనే సమతల పలక మీద నిలబెట్టి, ఎత్తుపల్లాలను ముల్లుతో చూపే డయల్ గేజితో చూశారు, ముల్లు ఎక్కువగా కదిలిన కోర్లను మా ముందే మళ్లీ గ్రైండింగుకు పంపారు. ఈ పని తొందరలో ఎగ్గొట్టేసే చోట్లు నాకు తెలుసు కాబట్టి దీనికి విలువ ఇస్తున్నాను.

హైదరాబాద్ రాయి విషయంలో వాళ్లు చూపిన జాగ్రత్త మరీ మెచ్చుకోదగ్గది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి మన గులాబీ, బూడిద రంగు గ్రానైట్‌లో కొన్నిచోట్ల ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలు బొటనవేలి గోరంత ఉంటాయి. కోరు వ్యాసం అందులోని అతిపెద్ద రేణువుకు కనీసం 10 రెట్లు ఉండాలన్నది పరీక్షా నియమం. మేము పంపినవి 54 మిల్లీమీటర్ల కోర్లు కాబట్టి స్ఫటికం 5.4 మిల్లీమీటర్లు దాటితే ఆ నియమం తప్పినట్టే. ఏయే కోర్లలో ఇలా ఉందో ఫొటోలతో సహా చూపించి, ఆ లోతుల్లో ఫలితాలు ఎక్కువ తక్కువలుగా రావడానికి ఇదొక కారణం కావచ్చనీ, వీలైతే పెద్ద వ్యాసంతో మళ్లీ డ్రిల్లింగ్ చేయించుకోమనీ రాశారు. మేము అడగకుండానే రాశారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, కోర్లు విరిగిన తీరును బట్టి ఫలితాలను విడదీసి ఇవ్వడం. దీని విలువ తెలియాలంటే సొరంగం చుట్టూ ఒత్తిడి ఎలా పనిచేస్తుందో కొంత చెప్పాలి. పైనున్న రాతి బరువు వల్ల ప్రతి మీటరు లోతుకూ నిలువు ప్రతిబలం, అంటే రాయి లోపలి ఒత్తిడి, దాదాపు 0.027 మెగాపాస్కల్ (ఒత్తిడికి కొలమానం) చొప్పున పెరుగుతుంది, అంటే 100 మీటర్ల లోతులో 2.7. గుండ్రని రంధ్రం చుట్టూ ప్రతిబలం ఎలా సర్దుకుంటుందో కిర్ష్ అనే ఇంజినీరు 1898లోనే లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం, అడ్డంగా ఒత్తిడి లేదనుకుంటే, సొరంగం పక్కగోడల దగ్గర అది మూడింతలై 8 మెగాపాస్కల్ దాకా చేరుతుంది. తాజా, అంటే శిథిలం కాని, గ్రానైట్ బలం మామూలుగా 100 మెగాపాస్కల్ పైమాటే కాబట్టి ఈ లోతులో పగుళ్లు లేని రాయి నలిగిపోయే ప్రమాదం దాదాపు లేదు. జాయింట్ల, అంటే రాతిలోని సహజమైన పాత పగుళ్ల, మధ్య చిక్కుకున్న దిమ్మ జారడమే ఇక్కడి అసలు ప్రమాదం. 2001లో మూతపడిన కోలార్ బంగారు గనుల్లో పరిస్థితి వేరు. అక్కడ 3 కిలోమీటర్లు దాటిన లోతులో నిలువు ప్రతిబలమే 80 మెగాపాస్కల్‌కు చేరుతుంది, రాయి పేలినట్టు విరిగే రాక్‌బర్స్టులకు ఆ గనులు పేరుపడ్డాయి.

అందుకే మన సొరంగానికి, పగుళ్లు లేని రాయే విరిగిన కోరునూ పాత పగులు వెంట జారిన కోరునూ కలిపి సగటు తీస్తే ఆ సగటు దేనికీ పనికిరాదు. గతంలో మరో ల్యాబు మాకు అలాంటి సగటునే ఇచ్చింది, విరిగిన ముక్కలు చూపమంటే పారేశామన్నారు. ఇక్కడ ప్రతి ముక్కనూ కవరులో కట్టి, నంబరు వేసి, కోర్ బాక్సులో తిరిగి పెట్టి ఇచ్చారు. ఒక ముక్క మీద ఆకుపచ్చ క్లోరైట్ ఖనిజపు పొర నున్నగా మెరుస్తూ కనిపించింది. అదే జాయింటు పూత, వేలితో రాస్తే జిడ్డుగా తగిలింది. రాతి దిమ్మలు జారకుండా పట్టి ఉంచే ఉక్కు కడ్డీలైన రాక్ బోల్టులు ఏ దిశలో వేయాలో ఆలోచించడానికి ఆ ముక్క మాకు ఎంతో సాయపడింది.

స్ట్రెయిన్ గేజిలతో తీసిన ప్రతిబల, వికృతి (రాయి ఆకారంలో వచ్చే మార్పు) రేఖలు కూడా శుభ్రంగా ఉన్నాయి. గరిష్ఠ బలంలో దాదాపు 40 నుంచి 50 శాతం దగ్గర పార్శ్వ వికృతి రేఖ, అంటే కోరు పక్కలకు ఉబ్బడాన్ని చూపే రేఖ, తిన్నగా సాగడం మాని వంగడం స్పష్టంగా కనిపిస్తుంది. లోపల కొత్త పగుళ్లు మొదలయ్యేది అక్కడే. లోతైన సొరంగాల గోడలు పొరలుగా ఊడటం ఇంచుమించు ఈ స్థాయి దగ్గరే మొదలవుతుంది కాబట్టి, లోతైన పనులు చేసేవారు యూసీఎస్‌తో పాటు ఈ విలువను కూడా తప్పక అడిగి తీసుకోవాలి.

లోపం ఒకటుంది. వాళ్ల యంత్రం తగినంత దృఢమైనది కాదు, రాయి స్పందనను బట్టి భారాన్ని వెంటనే సర్దే సర్వో నియంత్రణ కూడా లేదు. భారం పెరిగేటప్పుడు యంత్రపు చట్రంలో నిల్వ ఉన్న శక్తి, రాయి విరిగిన క్షణంలో ఒక్కసారిగా దానిలోకి విడుదలై కోరును ముక్కలు చేస్తుంది. దాంతో గరిష్ఠం తర్వాత రాయి ఎంత భారం మోయగలదో చెప్పే రేఖ భాగం దొరకదు. గనుల్లో స్తంభాలు వదిలి తవ్వే డిజైన్లకు ఆ భాగమే కీలకం. మా సొరంగానికి దాని అవసరం పడలేదు. నివేదికలో కూడా ఈ పరిమితిని వాళ్లే పేర్కొన్నారు.

ధర మిగతాచోట్ల కంటే కొంచెం ఎక్కువ. నమూనాలు అప్పగించేటప్పుడు కోర్ బాక్సుల మీద లోతు గుర్తులు చెరిగిపోకుండా చూసుకోండి, గుర్తులేని కోరును వాళ్లు తీసుకోరు. జాయింటు ఎంత బలానికి జారుతుందో చూసే డైరెక్ట్ షియర్ పరీక్షను చిన్న నమూనాలకే చేస్తారు, పెద్దవాటిని బయటికి పంపుతారు కాబట్టి గడువు గురించి ముందే మాట్లాడుకోండి.