అంతర్వేదికి పంటు మీదా, వంతెన మీదా?

హైదరాబాద్ నుంచి అంతర్వేదిలోని పాత స్నేహితుల దగ్గరికి రైల్లో వెళ్తే పంటే (మనుషుల్నీ, బళ్లనూ నది దాటించే పెద్ద పడవ) మేలు. పొద్దున నర్సాపురంలో దిగి, ఆటోలో మాధవాయిపాలెం రేవుకు వెళ్లాలి. వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్నుంచి మళ్లీ ఆటో. ఆ నది గాలి కోసమైనా ఒక్కసారి పంటెక్కాలి! బైకు ఎక్కిస్తే సైడ్ స్టాండ్‌ను నమ్మొద్దు. ఒడ్డుకు తగిలేటప్పుడు పంటు కుదుపుతుంది. గేర్‌లో ఉంచి, హ్యాండిల్ పట్టుకుని నిలబడండి. గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు. అందుకే జూలై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరే ముందే స్నేహితులకు ఫోన్ చేసి, రేవు నడుస్తోందో లేదో కనుక్కోండి. మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి రేవు కిక్కిరిసిపోతుంది.

సొంత కారైతే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెనెక్కి దిండి, మలికిపురం, సఖినేటిపల్లి. అర్ధరాత్రి చేరినా గోదావరి దాటొచ్చు.