తల గాయాల అవగాహన శిబిరం: కళాశాలకు పిలవదగినదేనా?

హైదరాబాద్ శివార్లలోని మా ఇంజనీరింగ్ కళాశాలలో రహదారి భద్రతా మాసం సందర్భంగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉచితంగా నిర్వహించిన తల గాయాల అవగాహన శిబిరానికి అధ్యాపకుడిగా హాజరయ్యాను. ఇటువంటి బృందాన్ని పిలవాలనుకునే ఇతర కళాశాలలకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు, సామూహిక ప్రతిజ్ఞలతో తొలి గంట గడిచిపోయింది. వెనుక వరుసల విద్యార్థులు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు, వారిని తప్పుపట్టలేను.

న్యూరోసర్జన్ ఒక పాత హెల్మెట్‌ను నిలువునా కోసి చూపించిన తర్వాతే శిబిరం అసలు విలువ తెలిసింది. లోపలి థర్మాకోల్ వంటి పొర నలిగిపోతూ దెబ్బ తీవ్రతను తనలోకి తీసుకుంటుందని, ఒకసారి నలిగిన పొర తిరిగి మునుపటిలా కాదు కనుక ప్రమాదానికి గురైన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చివేయవలసిందేనని ఆయన వివరించారు. అంతకన్నా ముఖ్యమైనది తర్వాత చెప్పిన సంగతి. బండి మీద నుంచి పడి, లేచి, మామూలుగా మాట్లాడి, ఏమీ కాలేదంటూ హాస్టల్‌కు వచ్చి పడుకున్నవారికి కూడా పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం గూడుకట్టి, కొన్ని గంటల్లో స్పృహ తప్పవచ్చు. తలనొప్పి పెరగడం, పదేపదే వాంతులు, మగత, తికమక మాటలు, ఒక కంటిపాప పెద్దదవడం గమనిస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. ఆ రాత్రి పక్కన ఉండేది గదిలోని మిత్రుడే కనుక, ఈ ఒక్క పాఠం కోసమైనా శిబిరాన్ని పిలవవచ్చు.

విద్యార్థుల హెల్మెట్లను పరీక్షించిన తీరూ బాగుంది. గడ్డం కింద పట్టీ బిగించి, వెనుక అంచు పట్టుకుని ముందుకు లాగితే చాలా హెల్మెట్లు ఊడివచ్చాయి. ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ల అమ్మకాన్ని 2021 జూన్ 1 నుంచి నిషేధించినా, అటువంటివీ కొన్ని కనిపించాయి.

లోపాలూ ఉన్నాయి. బండిపై వెనుక కూర్చునేవారి ప్రస్తావన దాదాపు రాలేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేక మరణించిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ఒకే బండిపై ముగ్గురు వచ్చే మా ప్రాంగణంలో ఈ మాట ముందు చెప్పవలసింది. పోలీసు అధికారి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల లైసెన్సు రద్దు గురించి విస్తారంగా మాట్లాడారు గానీ, క్షతగాత్రుడికి సాయపడినవారిపై కేసు పెట్టకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఎ సెక్షన్ కల్పించిన రక్షణను ఒక్క వాక్యంతో ముగించారు. విద్యార్థులు వెనకాడేది సరిగ్గా అక్కడే. ప్రాణం దక్కిన తర్వాత జ్ఞాపకశక్తి తగ్గడం, కోపం పెరగడం, చదువు ఆగిపోవడం వంటివి ఎవరూ ప్రస్తావించలేదు. కరపత్రం ఆంగ్లంలోనే ఉండటం వల్ల వాచ్‌మెన్లకు, వంటశాల సిబ్బందికి పనికిరాలేదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. పిలిచేవారు ప్రారంభ సభను పది నిమిషాల్లో ముగించి, హాస్టల్ వార్డెన్లను తప్పక కూర్చోబెట్టాలి. హెల్మెట్లు వెంట తెచ్చుకోవాలని ముందురోజే నోటీసు పెట్టాలి. మా దగ్గర సగం మంది వాటిని బండ్లకే తగిలించి వచ్చారు.