చేపల పులుసా, రొయ్యల ఇగురా?

ఆదివారం పొద్దున్నే మా నెల్లూరు ఇళ్లలో మొదలయ్యే చర్చ ఇది. రెండూ ఎన్నిసార్లు చేసినా మొహం మొత్తని వంటలే.

ఖర్చు: బొచ్చె చేపతో పులుసు పెడితే చవక. వంజరం, కొరమీను అయితే జేబుకి బరువే. రొయ్యలు తల, పొట్టు తీశాక బాగా తగ్గిపోతాయి, ఆ లెక్క చూసుకుని కొనాలి.

శ్రమ: చేపను మార్కెట్లోనే కొట్టించుకోవచ్చు. రొయ్యలకి ఒక్కోదాని వీపు చీల్చి నల్లటి నరం లాగాలి. ఆ పని అయ్యాక మాత్రం ఇగురు చాలా త్వరగా అయిపోతుంది.

రిస్కు పులుసులోనే ఎక్కువ. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు. మా అమ్మ వెడల్పాటి దాకను రెండువైపులా గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పుతుంది. ఒక్క ముక్క చెదరదు. మామిడికాయ ముక్కలు ఉడికాక, వేయించి దంచిన మెంతులు, ఆవాలు, జీలకర్ర పొడి చల్లుతుంది. మెంతులు మాడితే పులుసంతా చేదే, అవి వేగేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలకండి. రొయ్యలు ఎక్కువసేపు ఉడికితే రబ్బరులా సాగుతాయి, అంతే.

రుచిలో నా ఓటు పులుసుకే. రాత్రంతా పులుపు, కారం ముక్కలోకి దిగి, మర్నాడు దోసెలతో తింటే ఆ రుచే వేరు. ఇగురు వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది.

చుట్టాలు ముందే చెప్పి వస్తుంటే, ముందురోజే పులుసు పెట్టేయండి. ముళ్లు తీసుకోలేని చిన్నపిల్లలుంటే ఇగురు చేయండి. పుల్లమామిడి దొరికే ఎండాకాలంలో మాత్రం పులుసే!