కోడి మేలా, కవళ్ళు మేలా?

ప్రోటీన్ లెక్క ఒక్కటే చూస్తే కోడిదే పైచేయి. స్కిన్‌లెస్ రొమ్ము మాంసం వంద గ్రాములు తూస్తే అందులో 22, 23 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. సముద్రపు చేపలైన కవళ్ళలో (సార్డీన్లు), కానాగంతల్లో (మాకెరెల్), చెరువు చేప రాగండిలో 17 నుంచి 20 గ్రాముల వరకు ఉంటుంది. మనిషికి కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అరవై కిలోల మనిషికి అది యాభై గ్రాములు. అందులో కొంత పప్పూ అన్నమే ఇస్తాయి. కాబట్టి మూడు నాలుగు గ్రాముల తేడా కోసం ఇంట్లో గొడవ అక్కర్లేదు.

అసలు తేడా కొవ్వులో ఉంది. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కవళ్ళలో, కానాగంతల్లో దండిగా దొరుకుతుంది. కోడిలో అది నామమాత్రం. విటమిన్ డి సంగతీ అంతే. నెత్తళ్ళను ముల్లుతో సహా నమిలేస్తాం కనుక కాల్షియం అదనం. పెళ్ళివారు వచ్చారని వంజరం, చందువా తెస్తారు. పరువుకు అవి సరే గానీ, ఒమేగా-3లో చవకైన కవళ్ళను మించవు. వండటం మాత్రం చింతపండు పులుసే. వేపుడు చేస్తే చేప నూనె మూకుట్లోకి పోతుంది, మూకుడు నూనె చేపలోకి వస్తుంది. పులుసులో కారిన నూనె ఎటూ పోదు, అన్నంలో కలుస్తుంది.

అయితే చేపకు తాజాదనమే ప్రాణం. భావనపాడు, కళింగపట్నం ఒడ్డున దిగిన చేప ఆ పూటే శ్రీకాకుళం బజారుకు వస్తే అంతకంటే కావలసిందేముంది! మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఐసు లేకుండా ఎండలో ఉన్న కానాగంతల్లో హిస్టమిన్ అనే హానికర పదార్థం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు. ఒంటి మీద దద్దుర్లు, తలనొప్పి రావచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఎక్కడిదో తెలియని ఐసు చేప కంటే కోడి, లేదా చెరువు రాగండి నయం.

కోడి మీద ఒక నింద ఉంది, హార్మోన్ ఇంజెక్షన్లతో పెంచుతారని. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు తూగడానికి కారణం దాని జాతి, మేత. అనుమానించాల్సింది యాంటీబయాటిక్ మందులను. ముల్లు ఏరుకోలేని పిల్లలకూ, ముసలివాళ్ళకూ కోడి సుఖం. కీళ్ళవాతంలో యూరిక్ యాసిడ్ పెరిగే రకం ఉన్నవాళ్ళు కవళ్ళు, నెత్తళ్ళు తగ్గించుకోవాలి.

నా మటుకు వారానికి రెండు పూటలు కవళ్ళో కానాగంతలో, ఒక పూట కోడి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క పనికిరాదు. కోడైనా చేపైనా ఎన్ని ముక్కలో వైద్యుడే చెప్పాలి. ఉప్పులో ఊరిన ఎండు చేప జోలికి మాత్రం వారు వెళ్ళకూడదు.