హెల్మెట్ మంచిదే, పేచీ అంతా పట్టీతోనే

సైకిల్ హెల్మెట్ వల్ల ఉపయోగం ఉందా లేదా అని వాదించుకునేవాళ్లు థర్మకోల్ మందం గురించి, గాలి రంధ్రాల గురించి, బరువు గురించి మాట్లాడతారు. చెవి కింద రెండు పట్టీలు కలిసేచోట ఉండే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఎవరికీ పట్టదు. నా కోపమంతా దానిమీదే. ఎంవీపీ కాలనీలో బిగించి బయల్దేరితే రుషికొండ చేరేలోపే అది కిందికి జారిపోయేది. పట్టీ వదులైతే హెల్మెట్ మెల్లగా వెనక్కి వాలుతుంది, నుదురంతా బయటపడుతుంది. ఆ స్థితిలో ముందుకు పడితే నేలకు తగిలేది నుదురే, హెల్మెట్ వెనక కూర్చుని చూస్తుంది.

కొన్న కొత్తలో దీన్ని తెగ పొగిడాను. తలమీద ఉన్నట్టే తెలియదని చెప్పి ఆఫీసులో ఒకరిద్దరి చేత కొనిపించాను కూడా. అది డిసెంబరు. విశాఖ మే నెలలో, ఉదయం ఏడింటికే ఒళ్లంతా జిగటగా ఉన్నప్పుడు, తలమీద ఉన్న సంగతి బాగానే తెలుస్తుంది. చెమట ఎండి పట్టీమీద తెల్లటి ఉప్పు చారలు కడుతుంది. వారానికోసారి ఉతక్కపోతే గడ్డం కింద దద్దుర్లు.

క్లిప్పు గురించి కంపెనీకి రాస్తే జవాబు లేదు. చివరికి పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను. ఆయన హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పి, "చెప్పుకన్నా ఇదే తేలిక బాబూ" అని, నా తలకు పెట్టి కొలత చూసుకుని, పట్టీకి సూది గుచ్చకుండా క్లిప్పుకు పైనా కిందా నైలాన్ దారం బిగించి చుట్టేశాడు. ఇరవై రూపాయలు. అంత ఖరీదు పెట్టిన వస్తువు ఆ దారంతోనే పనికొచ్చేదయింది.

పడింది ఆ తర్వాతే. జోడుగుళ్లపాలెం దాటాక మలుపులో గాలికి రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొచ్చి ఉంది. ముందు చక్రం పక్కకు జారింది. పెద్ద వేగం కూడా కాదు. ఎడమ భుజం, ఆ వెంటనే చెవి పైభాగం తారుకు తగిలాయి. టప్పుమన్న చప్పుడు విన్నాను గానీ తలలో నొప్పి లేదు. వలలు మోసుకెళ్తున్న ఇద్దరు వచ్చి లేపి నీళ్లిచ్చారు. హెల్మెట్ ఇంచు కూడా కదల్లేదు. భుజం నెల రోజులు బాధపెట్టింది, చెంప గీరుకుపోయింది.

పైపెంకు మీద నాలుగు గీతలే కనిపించాయి. అది చూసి మళ్లీ పెట్టుకునేవాణ్ణే. ఉతకడానికి లోపలి స్పాంజి ముక్కలు ఊడదీసినప్పుడు బయటపడింది అసలు సంగతి: అంచు నుంచి గాలి రంధ్రం దాకా సన్నటి పగులు, దాని పక్కన అణిగిపోయిన థర్మకోల్. అది నలిగి దెబ్బను మింగుతుంది, నలిగాక తిరిగి లేవదు. ఒక్క దెబ్బకే దాని పని అయిపోతుంది. అందుకే ఎవరైనా వాడినది చవకగా ఇస్తానంటే వద్దంటాను.

దీని శక్తి ఎంతో పరీక్ష పద్ధతే చెబుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం చదునైన ఇనుప దిమ్మె మీదికి గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంతోనే వదులుతారు. అంటే దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి పడినట్టు. సైకిల్ మీద కూర్చున్న మనిషి తల ఇంచుమించు అంత ఎత్తులోనే ఉంటుంది. మనంతట మనం పడితే కాపాడేందుకు చేసిన వస్తువిది. గాజువాక దారిలో పోర్టు లారీ గుద్దితే దీన్నుంచి ఏమీ ఆశించకూడదు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు 40 అధ్యయనాలను కలిపి చూస్తే, గాయపడినవారిలో హెల్మెట్ ఉన్నవారికి తీవ్రమైన తలగాయాల అవకాశం దాదాపు 70 శాతం తక్కువగా తేలింది. ముఖానికి మాత్రం 33 శాతమే, మెడకు తేడా ఏమీ కనిపించలేదు. నా చెంప సాక్ష్యం కూడా అదే.

నేను యాభై దాటినవాణ్ణి, కళ్లజోడు ఉంది, తెల్లవారక ముందే బీచ్ రోడ్డెక్కుతాను, ఇసుక నాకు రోజూ ఎదురయ్యేదే. కాబట్టి హెల్మెట్ లేకుండా వెళ్లను. యూనివర్సిటీ మైదానానికి సైకిల్ మీద వెళ్లే మా అబ్బాయి చేత కూడా పెట్టిస్తాను. మా బావగారు మాత్రం సంచీ తగిలించుకుని కాలనీ సందుల్లోనే రైతుబజారుకు నెమ్మదిగా వెళ్లొస్తారు, ఆయనతో వాదించను. మోటారు వాహనాల చట్టంలోని హెల్మెట్ నిబంధన కూడా సైకిల్ జోలికి రాదు.

కొత్తది కొన్నప్పుడు దుకాణం కుర్రాడు రంగులు చూపిస్తుంటే, నేను ఒక్కొక్కటీ పెట్టుకుని, పట్టీ బిగించి, నుదుటి దగ్గర అంచును పైకి నెట్టి చూశాను. వెనక్కి పోయినవన్నీ పక్కన పెట్టేశాను. ఇప్పుడున్నదాని క్లిప్పు మూసుకుని లాక్ అవుతుంది. దాని గుణం చెప్పాలంటే మాత్రం కనీసం రెండు వేసవులు గడవాలి.